రీబ్రీదర్ డైవ్‌లో అసలు లెక్క: పైకి రావడానికి ఎంత గ్యాస్ కావాలి?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిపోయింది. అది రెండు వందల అడుగులకు పైగా లోతులో ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం దాన్ని బయటికి లాగేసరికి అక్టోబరు 22 అయింది. ఆ ఐదు వారాలూ గుంటూరులో, విజయవాడలో టీవీల ముందు కూర్చున్నవాళ్లు పదే పదే అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇంతమంది డైవర్లు ఉన్నారు కదా, దిగి చూడొచ్చు కదా?

సుడులు, బురద నీళ్లు, వరద ప్రవాహం ఆ ప్రశ్నకు సగం సమాధానం. మిగతా సగం లోతులో ఉంది. రెండు వందల అడుగులంటే సుమారు 60 మీటర్లు. అంత లోతుకి దిగడం మూడు నాలుగు నిమిషాల పని. అక్కడ ఇరవై అయిదు నిమిషాలు ఉంటే, క్షేమంగా పైకి రావడానికి గంట దాకా పడుతుంది. ఆ గంటలో ప్రతి నిమిషానికీ, ఆ లోతుకి సరిపడే గ్యాస్ డైవర్ దగ్గర ఉండాలి. మధ్యలో ఏ పరికరం చెడిపోయినా ఉండాలి. టెక్నికల్ డైవింగ్‌లో, అంటే నేరుగా పైకి వచ్చేయలేని ఇలాంటి లోతు డైవ్‌లలో, కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. వదిలిన శ్వాసనే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే రీబ్రీదర్ అనే యంత్రం వాడేవాళ్లకి ఇది ఇంకాస్త చిక్కుపడుతుంది. ఎందుకంటే అంతా బాగున్నంతసేపూ గ్యాస్ ఖర్చు దాదాపు కనిపించదు. కనిపించని దాన్ని మనిషి తేలిగ్గా మర్చిపోతాడు.

ఇది శిక్షణకి బదులు కాదు. ఇక్కడి అంకెలు లెక్క తీరు అర్థం కావడానికే. వీటిని పట్టుకుని ఎవరూ నీళ్లలోకి దిగకూడదు.

పైకి రావడానికి గంట ఎందుకు?

సముద్రంలో ప్రతి పది మీటర్లకీ ఒక బార్ పీడనం పెరుగుతుంది. ఒడ్డున ఒకటి ఉంటుంది కాబట్టి 60 మీటర్ల దగ్గర మొత్తం ఏడు బార్లు. ఆ పీడనంలో పీల్చిన గ్యాస్‌లో శరీరం వాడుకునేది ఆక్సిజన్ మాత్రమే. నైట్రోజన్, హీలియం లాంటివి ఏ పనీ చేయకుండా రక్తంలోకి, అక్కడి నుంచి కండలు, కొవ్వు, నరాలు, కీళ్లలోకి కరిగి చేరుతూనే ఉంటాయి. నెమ్మదిగా పైకి వస్తే అవే రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి బయటికి పోతాయి. గబుక్కున వస్తే ఉన్నచోటే బుడగలు కడతాయి. కీళ్ల నొప్పి, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, కాళ్లు పడిపోవడం వరకూ ఏదైనా జరగొచ్చు. డైవర్లు దీన్ని బెండ్స్ అంటారు.

జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ఒక పద్ధతి ప్రకటించాడు. పీడనం సగానికి పడిపోయినా శరీరం తట్టుకుంటుంది కాబట్టి, మొదట చాలా దూరం పైకి వచ్చి, ఆ తర్వాత మెట్లు మెట్లుగా ఆగుతూ రావాలన్నాడు. ఈ రోజు మణికట్టుకి కట్టుకునే డైవ్ కంప్యూటర్లన్నీ ఆ ఆలోచనకి వారసులే. వాటిలో ఎక్కువగా కనిపించేది స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బూల్మన్ తయారుచేసిన నమూనా. శరీరాన్ని అది పదహారు భాగాలుగా ఊహించుకుంటుంది. తడిసిన తువ్వాలు గంటలో ఆరుతుంది, బొంత రెండు రోజులైనా ఆరదు. ఈ భాగాలూ అంతే. ఒకదానిలో నైట్రోజన్ సగం నిండడానికి నాలుగు నిమిషాలు చాలు, చివరిదానికి 635 నిమిషాలు కావాలి. హీలియం అన్నిటిలోనూ 2.65 రెట్లు వేగంగా వెళ్తుంది, వేగంగా వస్తుంది.

ప్రతి భాగమూ ఎంత ఒత్తిడి తేడా తట్టుకోగలదో నమూనా ఒక గీత గీస్తుంది. ఆ గీతకి ఎంత ఇవతల ఆగాలో మనం శాతాల్లో చెప్పుకుంటాం. వాటినే గ్రేడియెంట్ ఫ్యాక్టర్లు అంటారు. 50/80 అని పెట్టుకుంటే, మొదటి స్టాప్ దగ్గర గీతలో 50 శాతం దాకా, నీటిపైకి వచ్చేసరికి 80 శాతం దాకా వెళ్లడానికి ఒప్పుకున్నట్టు. చిన్న అంకెలు పెట్టుకుంటే ఎక్కువ జాగ్రత్త అని చాలామంది అనుకుంటారు. రెండో అంకె విషయంలో అది నిజం. మొదటిదాన్ని మరీ తగ్గిస్తే స్టాపులు లోతుకి జారిపోతాయి. అక్కడ ఆగిన సమయంలో నెమ్మది భాగాలు ఖాళీ కావు, ఇంకా నిండుతూనే ఉంటాయి. లోతైన స్టాపులు మేలన్నది ఒకప్పుడు గట్టి నమ్మకం. అమెరికా నౌకాదళం 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. 170 అడుగుల లోతు, 30 నిమిషాలు, మొత్తం డీకంప్రెషన్ సమయం, అంటే ఆగుతూ పైకి రావడానికి పట్టే సమయం, రెండు బృందాలకీ సమానం. లోతులో ఎక్కువసేపు ఆగిన బృందంలోనే బెండ్స్ ఎక్కువ రావడంతో ప్రయోగాన్ని ముందే ఆపేశారు. బెయిలౌట్ లెక్కకి, అంటే యంత్రం చెడితే మామూలు సిలిండర్లతో పైకి వచ్చే లెక్కకి, ఈ సంగతి నేరుగా తగులుతుంది. లోతులో ఆగే ప్రతి నిమిషమూ గ్యాస్‌ని రెట్టింపు, మూడింతలు తాగుతుంది కాబట్టి.

ఆపరేషన్ థియేటర్‌లో ఉన్న యంత్రమే

మామూలు స్కూబాలో వదిలిన శ్వాస బుడగలై పోతుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 60 మీటర్ల దగ్గర ఏడింతలు, అంటే సిలిండర్‌లోంచి 140 లీటర్లు ఖర్చు చేస్తాడు. పదకొండు లీటర్ల అల్యూమినియం సిలిండర్ నింపితే సుమారు 2,200 లీటర్ల గ్యాస్ పడుతుంది. అది అక్కడ పదహారు నిమిషాలకి కూడా రాదు. నిజానికి ఆ శ్వాసలో శరీరం వాడుకున్న ఆక్సిజన్ నిమిషానికి ఒక లీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. మిగతాదంతా వృథా.

రీబ్రీదర్ ఆ వృథాని ఆపుతుంది. వదిలిన శ్వాస గొట్టాల్లోంచి స్క్రబ్బర్ అనే డబ్బాకి వెళ్తుంది. అందులోని సోడా లైమ్ గుళికలు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తాయి. వాడిన ఆక్సిజన్‌కి సరిపడా కొత్త ఆక్సిజన్‌ని ఒక చిన్న సిలిండర్ నుంచి వాల్వ్ కలుపుతుంది. అదే గ్యాస్ మళ్లీ నోటికి వస్తుంది. ఈ చక్రాన్ని లూప్ అంటారు. లోతు పెరుగుతున్నప్పుడు లూప్‌ని నింపడానికి డైల్యుయెంట్ అనే గ్యాస్ మిశ్రమంతో రెండో చిన్న సిలిండర్ ఉంటుంది.

మా బావమరిది గుంటూరులో మత్తు డాక్టరు. విప్పి ఉన్న నా రీబ్రీదర్‌ని చూసి, "ఇది మా మిషనే కదా బావా" అన్నాడు. నిజమే. అనస్థీషియా మిషన్‌లో కూడా అదే సోడా లైమ్, అదే చక్రం. అక్కడ గుళికలు అరిగిపోతే రంగు మారి చెబుతాయి, రోగి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని తెర మీద గీతగా చూపిస్తారు. "అయినా చేతి బ్యాగు, అదే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, పక్కన పెట్టుకోకుండా ఏ కేసూ మొదలుపెట్టం. మరి నీళ్లలో మీ చేతి బ్యాగు ఏది?" అని అడిగాడు. నన్ను ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. బెయిలౌట్ అంటే అదే. లూప్‌ని నమ్మలేని క్షణంలో దాన్ని వదిలేసి, పక్కన వేలాడే సిలిండర్ నుంచి మామూలు స్కూబాలాగా పీలుస్తూ పైకి రావడం.

రీబ్రీదర్ చేసే ఇంకో మంచి పని డీకంప్రెషన్‌కి సంబంధించింది. లూప్‌లో ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటాని, అది స్థిరంగా ఉంచుతుంది. సాధారణంగా 1.3 బార్. దీన్ని సెట్ పాయింట్ అంటారు. 60 మీటర్ల దగ్గర 1.3 బార్ అంటే గ్యాస్‌లో సుమారు 19 శాతం ఆక్సిజన్. 21 మీటర్ల దగ్గర అదే 1.3 బార్ అంటే 42 శాతం. 6 మీటర్ల దగ్గర 81 శాతం. అంటే ప్రతి లోతులోనూ ఆ లోతుకి తగిన మిశ్రమాన్ని యంత్రమే కలుపుతుంది. ఏ సిలిండర్ వరుసా ఈ పని ఇంత నున్నగా చేయలేదు. ఈ సౌకర్యం అలవాటయ్యాకే ప్రమాదం మొదలవుతుంది.

లూప్‌ని వదిలేయాల్సిన రోజు

ఆక్సిజన్ తక్కువైతే ఏ హెచ్చరికా లేకుండా స్పృహ పోతుంది. ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, నీళ్లలో ఫిట్స్ అంటే మునిగిపోవడమే. ఈ రెంటినీ గమనించడానికి మూడు సెన్సర్లు ఉంటాయి. వాటితో వచ్చే చాలా చిక్కుల్ని లూప్‌లో డైల్యుయెంట్ నింపి చూసి, చేతితో ఆక్సిజన్ కలుపుకుంటూ సరిదిద్దుకోవచ్చు. కార్బన్ డయాక్సైడ్‌ది వేరే దారి. దాని మీదే ఎక్కువ రాయాలి. బెయిలౌట్ లెక్కలన్నీ చివరికి దాని చుట్టూనే తిరుగుతాయి.

స్క్రబ్బర్‌లో గుళికలు సరిగ్గా నింపకపోయినా, గడువు దాటినా, ఒక రబ్బరు రింగు మర్చిపోయినా కార్బన్ డయాక్సైడ్ వెనక్కి వస్తుంది. స్క్రబ్బర్ బాగున్నా రావచ్చు. ఎలాగంటే, లోతులో గ్యాస్ చిక్కబడుతుంది. చిక్కటి గ్యాస్‌ని లోపలికీ బయటికీ తోయడం ఊపిరితిత్తులకి కష్టం. శ్రమ పెరిగితే శరీరంలో తయారైన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం తగ్గుతుంది. 2005 జనవరిలో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అనే నీటి గుహలో డేవ్ షా అనే డైవర్ సుమారు 270 మీటర్ల లోతులో చనిపోయింది ఇలాగే. పదేళ్ల కిందట అక్కడే చనిపోయిన డియాన్ డ్రెయర్ అనే యువ డైవర్ శవాన్ని తల్లిదండ్రులకి అప్పగించాలని రీబ్రీదర్‌తో దిగాడు. శవం చుట్టూ పనిచేస్తున్నప్పుడు పెరిగిన శ్రమ, చిక్కటి గ్యాస్, కార్బన్ డయాక్సైడ్ కలిసి అతన్ని స్పృహ తప్పించాయని తర్వాత విశ్లేషణలో తేలింది.

కార్బన్ డయాక్సైడ్ పెరిగిన మనిషికి మొదట ఆయాసం వస్తుంది. ఆ వెంటనే ఊపిరి ఆపుకోలేని స్థితి. మౌత్‌పీస్ తీసి ఇంకోటి పెట్టుకోవడానికి పట్టే రెండు మూడు సెకన్లు కూడా ఊపిరి బిగపట్టలేకపోవచ్చు. అందుకే నోట్లోంచి ఏమీ తీయకుండా ఒక్క మీట తిప్పి సిలిండర్‌కి మారే బెయిలౌట్ వాల్వ్‌ని నేను తప్పనిసరి అంటాను. మారాక కూడా ఆయాసం వెంటనే తగ్గదు. ఒడ్డున 20 లీటర్లు పీల్చే మనిషి కొన్ని నిమిషాల పాటు నిమిషానికి 40, 50 లీటర్లు పీలుస్తాడు. అదీ ఏడు బార్ల పీడనంలో. లెక్క ఇక్కడి నుంచే మొదలు కావాలి.

గుంటూరులో కనిపించిన గీత

గ్యాస్ చిక్కదనాన్ని తగ్గించడానికి ఉన్న సాధనం హీలియం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగుని వర్ణపటంగా విడదీసి చూశాడు. ఆ గ్రహణం నాటి పరిశీలనల్లో కనిపించిన పసుపు గీత సోడియానిది కాదని, భూమ్మీద తెలియని మూలకానిదని ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. 1895లో విలియం రామ్సే దాన్ని భూమ్మీద ఖనిజంలోంచి పట్టుకున్నాడు. లోతుకి దిగే డైవర్లకి ఊపిరి ఆడేలా చేసే వాయువు కథలో మా ఊరి పేరు ఉండడం నాకు ఎప్పటికీ సంతోషమే.

లీటరుకి ఎన్ని గ్రాములో చూస్తే సంగతి తెలుస్తుంది. 60 మీటర్ల దగ్గర మామూలు గాలి లీటరు 9 గ్రాములు. శ్వాస వాయువు లీటరుకి 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవాలని, 6.2 దాటితే అసలు వద్దని 2016లో వచ్చిన సిఫారసు. 15 శాతం ఆక్సిజన్, 55 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ ఉన్న మిశ్రమాన్ని ట్రైమిక్స్ 15/55 అంటారు. అదే లోతులో అది లీటరు 4.8 గ్రాములు. లోతులో నైట్రోజన్ వల్ల వచ్చే మత్తు కూడా బాగా తగ్గుతుంది. ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది, మన దేశానికి హీలియం దిగుమతి కావాల్సిందే. ఖర్చుకి భయపడి బెయిలౌట్ సిలిండర్‌లో హీలియం తగ్గించేవాళ్లని చూశాను. లూప్‌లో మంచి మిశ్రమం పెట్టుకుని, ఊపిరాడని క్షణంలో పీల్చే సిలిండర్‌లో చిక్కటి గ్యాస్ పెట్టుకోవడంలో అర్థం లేదు. ఇంకో మాట. పెళ్లిళ్లలో బెలూన్లు నింపే హీలియం పీల్చడానికి తయారుచేసింది కాదు. చవగ్గా దొరుకుతుంది కదా అని ఆ దారి పట్టకూడదు.

రెండు సిలిండర్లు, ఒక లెక్క

60 మీటర్లు, అడుగున 25 నిమిషాలు. పక్కన రెండు పదకొండు లీటర్ల సిలిండర్లు. ఒకదానిలో ట్రైమిక్స్ 15/55, రెండోదానిలో 50 శాతం ఆక్సిజన్. 50 శాతం గ్యాస్‌ని 21 మీటర్ల కన్నా లోతులో పీల్చకూడదు. అక్కడ దాని ఆక్సిజన్ పీడనం 1.55 బార్, డీకంప్రెషన్‌లో ఒప్పుకునే గరిష్ఠం 1.6. పొరపాటున అదే సిలిండర్‌ని 60 మీటర్ల దగ్గర నోట్లో పెట్టుకుంటే 3.5 బార్, ఫిట్స్ దాదాపు ఖాయం. అందుకే ప్రతి సిలిండర్‌నీ ఎవరికి వారు అనలైజర్‌తో కొలిచి, వాడగలిగే గరిష్ఠ లోతుని పెద్ద అంకెల్లో సిలిండర్ మెడ మీద అంటించుకోవాలి. వేరేవాళ్లు కొలిచారన్న మాట మీద ఆధారపడకూడదు.

యంత్రం ఎప్పుడు చెడిపోతుందని అనుకోవాలి? అత్యంత చెడ్డ నిమిషంలో. అంటే 25వ నిమిషం చివర, అడుగునే ఉండగా, కార్బన్ డయాక్సైడ్‌తో. అప్పటికి శరీరంలో చేరిన గ్యాస్ గరిష్ఠం, లోతు గరిష్ఠం, ఆయాసం గరిష్ఠం. సగం దారిలో చెడిపోతే ఎలాగూ ఇంతకన్నా తక్కువే కావాలి.

అడుగున ఊపిరి కుదుటపడి, ఏం జరిగిందో తెలుసుకుని, జోడీ డైవర్‌కి సైగ చేసి బయలుదేరడానికి మూడు నిమిషాలు అనుకుందాం. నిమిషానికి 40 లీటర్లు, ఏడు బార్లు: 840 లీటర్లు. 60 నుంచి 21 మీటర్లకి ఎక్కడానికి నాలుగు నిమిషాలు, సగటున ఐదు బార్లు, ఊపిరి 30 లీటర్లకి తగ్గిందనుకుంటే 600. ఆ మధ్యలో చిన్న చిన్న స్టాపులు కలిపి ఐదు నిమిషాలు, సగటున నాలుగు బార్లు, 25 లీటర్ల చొప్పున 500. మొత్తం 1,940 లీటర్లు. ఒడ్డున దాదాపు రెండు గంటలు పీల్చుకునే సిలిండర్ పన్నెండు నిమిషాల్లో అడుగంటింది. మిగిలింది రెండు వందల అరవై లీటర్లు.

ఈ లెక్క చూపిస్తే కొందరు 40 లీటర్లు మరీ ఎక్కువంటారు. మామూలు ఊపిరికి ఒకటిన్నర రెట్లు చాలంటారు. నా అభిప్రాయం వేరు. ప్రశాంతంగా ఉన్న మనిషి ఊపిరిని కొలిచి, ఊపిరాడని మనిషికి గ్యాస్ లెక్కగట్టడం సరికాదు. మొదటి కొన్ని నిమిషాలకైనా రెట్టింపు వేసుకోవాలి.

ఇక 21 మీటర్ల దగ్గర 50 శాతం సిలిండర్‌కి మారతాం. అక్కడి నుంచి 9 మీటర్ల దాకా స్టాపులు ఇరవై నిమిషాలు, సగటున 2.3 బార్లు, 20 లీటర్ల చొప్పున 920. ఆరు మీటర్ల దగ్గర ముప్పై నిమిషాలు, 1.6 బార్లు: 960. మొత్తం 1,880. ఇదీ 2,200లో పట్టింది. కాస్త మిగిలింది కూడా.

ఇప్పుడు అడుగున ఇంకో పది నిమిషాలు ఉండాలనిపించిందనుకుందాం. యంత్రానికి ఏ ఇబ్బందీ లేదు. మూడు లీటర్ల చిన్న సిలిండర్‌లో 600 లీటర్ల ఆక్సిజన్ ఉంది, నిమిషానికి ఒక లీటరే ఖర్చు. స్క్రబ్బర్‌కి రెండు మూడు గంటల ఆయువు ఉంది. కానీ ఆ పది నిమిషాలకి ఆరు మీటర్ల స్టాప్ ఒక్కటే ఇరవై నిమిషాలు పెరిగిందనుకున్నా, 640 లీటర్లు అదనం. రెండో సిలిండర్ అవసరం 2,520కి చేరింది. అంత గ్యాస్ అందులో పట్టదు. కాబట్టి డైవ్ ఎంతసేపు అన్నది వీపు మీది యంత్రం చెప్పే మాట కాదు, పక్కన వేలాడే ఆ రెండు సిలిండర్లు చెప్పే మాట. ముందు మోయగలిగే గ్యాస్ చూసుకుని, దాని నుంచి వెనక్కి లెక్క కట్టి, అడుగున ఉండే సమయం తేల్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. సమయం ముందే నిర్ణయించుకుని, గ్యాస్ సరిపోయేలా ఊపిరి అంకెని తగ్గిస్తారు.

కంప్యూటర్ చూపించే ప్లాన్, అవసరమయ్యే ప్లాన్

డైవ్ కంప్యూటర్ తెర మీద కనిపించే స్టాపులు సాధారణంగా లూప్ మీద ఉన్నామన్న లెక్కతో వేసినవి. లూప్ వదిలేశాక అవి చెల్లవు. 30 మీటర్ల దగ్గర మొత్తం పీడనం నాలుగు బార్లు. లూప్‌లో 1.3 ఆక్సిజన్ పోగా మిగతా వాయువుల పీడనం 2.7. ట్రైమిక్స్ 15/55 పీలుస్తుంటే అదే 3.4. శరీరంలోంచి గ్యాస్ బయటికి రావడానికి ఉన్న తేడా అంతమేరకు తగ్గిపోయింది. 21 మీటర్ల దగ్గర 50 శాతానికి మారగానే పరిస్థితి తిరగబడుతుంది. లూప్‌లో 1.8 ఉండేది ఇక్కడ 1.55. కాసేపు బెయిలౌటే మెరుగు. 6 మీటర్లకి వచ్చేసరికి మళ్లీ వెనకబడతాం. లూప్‌లో 0.3 ఉండాల్సింది 50 శాతంలో 0.8. చివరి స్టాప్ సాగిపోయేది అందుకే. మూడో సిలిండర్‌గా శుద్ధ ఆక్సిజన్ ఉంటే అక్కడ సున్నా అవుతుంది, సమయం బాగా కలిసొస్తుంది. అయితే 1.6 బార్ ఆక్సిజన్‌కి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) పట్టికలో ఉన్న పరిమితి 45 నిమిషాలే. 1.3 దగ్గర అది 180 నిమిషాలు. డైవ్ మొత్తం 1.3 మీద గడిపి వచ్చినవాళ్లు ఆ వాడకాన్ని కూడా కలుపుకోవాలి.

అందుకే ప్లాన్ రెండుసార్లు వేయాలి. లూప్‌కి ఒకటి, బెయిలౌట్‌కి ఒకటి. రెండోదాన్ని స్లేట్ మీద రాసుకుని వెంట తీసుకెళ్లాలి. కొన్ని కంప్యూటర్లు ఈ క్షణంలో బెయిలౌట్ చేస్తే పైకి ఎంతసేపు పడుతుందో కూడా చూపిస్తాయి. డైవ్ పొడవునా గమనించాల్సిన అంకె అదే. బెయిలౌట్ ప్లాన్‌కి కొందరు గ్రేడియెంట్ ఫ్యాక్టర్‌ని కాస్త పెంచి స్టాపులు తగ్గించుకుంటారు. బెండ్స్‌కి చికిత్స ఉంది, మునిగిపోయినవాళ్లకి లేదు కాబట్టి ఆ వాదన సరైందే. దాన్ని అవసరానికి దాచుకోవాలి, సిలిండర్ తగ్గించుకోవడానికి సాకుగా వాడకూడదు.

హీలియం ఎక్కువున్న గ్యాస్ నుంచి నైట్రోజన్ ఎక్కువున్న గ్యాస్‌కి ఒక్కసారిగా మారినప్పుడు లోపలి చెవిలో బుడగలు కట్టే ప్రమాదం ఒకటుంది. తల గిర్రున తిరిగి వాంతులయ్యే మనిషి స్టాప్ దగ్గర నిలబడలేడు. లోతు పెరిగేకొద్దీ మధ్యలో ఇంకో మిశ్రమం పెట్టుకునేది దీనికోసం కూడా.

నా గ్యాస్, మన గ్యాస్

ముగ్గురు కలిసి దిగినప్పుడు ముగ్గురి యంత్రాలూ ఒకేసారి చెడిపోవు కదా, ఒకటిన్నర మందికి సరిపడా గ్యాస్‌ని ముగ్గురం పంచుకుని మోద్దాం అనే పద్ధతి ఉంది. కాగితం మీద బాగుంటుంది. కానీ పంచుకోవాలంటే ముగ్గురూ ఒకేచోట ఉండాలి, చెడిపోయినవాడు సిలిండర్లు మార్చుకునేంత నిలకడగా ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ వచ్చిన మనిషి దగ్గర ఆ నిలకడ ఉండదు. మన సముద్రతీరంలో నీళ్లు మసకగా ఉన్న రోజున, ప్రవాహం ఒకరిని పది మీటర్లు పక్కకి తోసినా, ఎదుటివాడి సిలిండర్ లేనట్టే. 21 మీటర్ల దాకా చేర్చే మొదటి సిలిండర్ ఎవరిది వారి ఒంటి మీదే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. తక్కువ లోతు స్టాపులకి కావలసిన ఆక్సిజన్‌ని బోటు నుంచి తాడుకి కట్టి వేలాడదీయడం దగ్గర రాజీపడొచ్చు. అదైనా ఆ తాడు దగ్గరికే తిరిగి వస్తామన్న నమ్మకం ఉన్నప్పుడే.

నాగార్జునసాగర్ లాంటి రిజర్వాయర్‌లో అయితే ఈ లెక్క మారుతుందా అని అడుగుతుంటారు. అనుమతులు వేరే సంగతి. మంచినీళ్లు ఉప్పునీళ్ల కన్నా కొంచెం తేలిక, పీడనం రెండు మూడు శాతం తక్కువ. సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులే, ఆ ఎత్తు డీకంప్రెషన్‌ని పెద్దగా మార్చదు. మార్చేది చీకటి, అడుగున బురద, మునిగిన చెట్లు. ఇవి అడుగున మూడు నిమిషాలు అనుకున్నదాన్ని ఆరు చేస్తాయి. ఆ అదనపు మూడు నిమిషాలకి మరో 840 లీటర్లు కావాలి. అంటే మొదటి సిలిండర్ ఒకటి చాలదు, రెండు ఉండాలి.

ఇన్ని లెక్కలూ చివరికి ఒడ్డున గేజ్ దగ్గర తేలతాయి. ఉదయం బోటు ఎక్కేముందు చూస్తే ట్రైమిక్స్ సిలిండర్ 200 బార్లకి బదులు 170 బార్లే చూపిస్తోందనుకుందాం. పదకొండు లీటర్లతో గుణిస్తే 1,870. మనకి కావలసింది 1,940. డెబ్బై లీటర్లే కదా అనిపిస్తుంది, బోటు డబ్బులు కట్టేశాం, అందరూ సిద్ధంగా ఉన్నారు. 60 మీటర్ల దగ్గర ఆయాసపడే మనిషికి డెబ్బై లీటర్లంటే పదిహేను సెకన్లు. పైగా ఆ 1,940లో అదనంగా ఏమీ దాచుకోలేదు. అదే 50 మీటర్లకి దిగితే? అడుగున మూడు నిమిషాలు, ఆరు బార్లు, 40 లీటర్లు: 720. 21 మీటర్లకి ఎక్కడానికి మూడు నిమిషాలు, సగటున నాలుగున్నర బార్లు, 30 లీటర్లు: 405. స్టాపులు నాలుగు నిమిషాలు, 3.8 బార్లు, 25 లీటర్లు: 380. మొత్తం 1,505. మూడు వందల అరవై అయిదు లీటర్లు మిగులుతాయి. ఆ రోజు డైవ్ 50 మీటర్లకే. స్లేట్ మీద పాత ప్లాన్ తుడిచి, 50 మీటర్ల స్టాపులు లూప్‌కీ బెయిలౌట్‌కీ మళ్లీ వేసి రాసుకుని, జోడీ డైవర్‌కి చూపించి, అప్పుడు బోటు ఎక్కాలి.